కాలిపర్‌కి మూడు వారాలు, గుండె వాల్వ్‌కి పన్నెండేళ్లు

అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో క్షిపణుల పని చూస్తున్న రోజుల్లో నిమ్స్ నుంచి ఎముకల డాక్టరొకాయన ఆయన ల్యాబ్‌కు వెళ్లారు. అగ్ని క్షిపణి కోసం చేసిన కాంపోజిట్ (నారలు, రెసిన్ కలిపి చేసే గట్టి పదార్థం) ముక్కను చేతిలోకి తీసుకుని, ఇంత తేలికగా ఉందేమిటని ఆశ్చర్యపోయి, కలాంను తమ ఆస్పత్రికి పిలుచుకెళ్లారు. అక్కడి వార్డులో చిన్న పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకు పైగా ఉన్న లోహపు కాలిపర్లు (నడకకు ఊతమిచ్చే చట్రాలు) కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారై వచ్చాయి. కలాం ఈ సంగతి చాలా సభల్లో చెప్పారు. హైదరాబాద్‌లో వైద్య పరికరాల మాటెత్తితే ఇప్పటికీ ముందుగా వినపడేది ఇదే.

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియథాన్ బృందం 1970ల చివర్లో మనదేశపు కృత్రిమ గుండె వాల్వ్ పని మొదలుపెట్టింది. మొదటి మూడు డిజైన్లూ పోయాయి. నాలుగోది నిలబడింది. 1990 డిసెంబర్ 6న దాన్ని మొదటిసారి ఒక మనిషికి అమర్చారు. అంటే పన్నెండేళ్ల పై మాట.

మొదటివాళ్లకు తెలివి ఎక్కువ, రెండోవాళ్లకు తక్కువ అనుకుంటే పొరపాటు. కాలిపర్ ఒంటి బయట ఉంటుంది. విరిగితే విప్పేసి ఇంకోటి కట్టుకోవచ్చు, ఒరుసుకుంటే మధ్యలో దూది పెట్టుకోవచ్చు. వాల్వ్ విరిగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. "హైదరాబాద్ కుర్రాళ్ల అద్భుత ఆవిష్కరణ" అని పేపర్లలో వచ్చే వార్తలు సాధారణంగా ఐడియా దగ్గర మొదలై ఐడియా దగ్గరే ఆగిపోతాయి. నన్నడిగితే ఈ పనిలో ఐడియాది చిన్న వాటా. తయారుచేసిన వస్తువు ఎన్ని రకాలుగా పాడవగలదో ముందే ఊహించి, ఒక్కొక్క దారీ మూసుకుంటూ రావడమే అసలు కనిపెట్టడం. మూడు వారాలకీ పన్నెండేళ్లకీ మధ్య జరిగేది అదే.

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రంలోంచి లోపలికి వెళ్లే పరికరాలు వేరు, లోపలే ఉండిపోయే ఇంప్లాంట్లు వేరు. రెంటినీ కలిపి మాట్లాడేస్తుంటాం. ల్యాపరోస్కోపీ కెమెరా, యాంజియోగ్రామ్ గొట్టం చుట్టాల్లా వస్తాయి. ఓ గంట మర్యాదగా ఉండి వెళ్లిపోతే చాలు. గుండె లయ తప్పకుండా కరెంటు పంపే పేస్‌మేకర్, వాల్వ్, కృత్రిమ మోకాలు ఇల్లరికం అల్లుళ్లు. దశాబ్దాల తరబడి వాళ్లు ఇంటితో సర్దుకుపోవాలి, ఇల్లు కూడా వాళ్లతో సర్దుకుపోవాలి. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం స్టెంట్. అది చుట్టంలా సన్నటి దారిలో వచ్చి అల్లుడిలా ఉండిపోయే రకం కాబట్టి రెండు వైపుల కష్టాలూ దానికి ఉన్నాయి. ఈ వ్యాసంలో దాని ప్రస్తావన ఎక్కువగా రావడానికి కారణం అదే.

ఉబ్బడం తేలిక, ఆగడం కష్టం

గుండె దాకా వెళ్లడానికి ఛాతీ కోయక్కర్లేదని మొదట చూపించినవాడు జర్మనీకి చెందిన వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో, పాతికేళ్ల వయసులో, మూత్రం తీయడానికి వాడే సన్నటి గొట్టాన్ని తన చేతి సిరలోంచి తనే తోసుకుని, అలాగే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. రక్తనాళాలు ఒంట్లో ముందునుంచీ ఉన్న రోడ్లే, కొత్తగా తవ్వాల్సిన పనిలేదన్న ఆలోచన అప్పటిది. 1964లో అమెరికాలో చార్లెస్ డాటర్, కాలు తీయించుకోవడానికి ససేమిరా అన్న 82 ఏళ్ల ముసలావిడ కాలి ధమనిలోకి ఒకదాని తర్వాత ఒకటి లావుపాటి గొట్టాలు పంపి మూసుకుపోయిన దారి తెరిచాడు. ఆవిడ తన కాళ్లతోనే ఇంటికెళ్లింది.

అసలు పాఠం మాత్రం బెలూన్లలో ఉంది. 1960ల మొదట్లో థామస్ ఫొగార్టీ కాలి ధమనుల్లోంచి రక్తగడ్డలు లాగడానికి ఒక బెలూన్ చేశాడు. సర్జరీ గ్లవుజు వేలి కొస కత్తిరించి, చేపల గాలాలకు దారం చుట్టడంలో తనకున్న చేతివాటంతో సన్నటి గొట్టానికి కట్టాడు. గడ్డను దాటించి లోపలికి పంపి, అవతల ఉబ్బించి, వెనక్కి లాగితే గడ్డ బయటికొస్తుంది. ఆ బెలూన్ మెత్తగా ఉండాలి. దారి ఎక్కడ సన్నబడితే అక్కడ తనూ సన్నబడి, వెడల్పైన చోట వెడల్పై, గోడలను గీరకుండా రావాలి. దానికి రబ్బరు చక్కగా సరిపోయింది.

జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్‌కు కావలసింది సరిగ్గా దీనికి ఉల్టా. కొవ్వు పేరుకుని గట్టిపడిన బ్లాక్‌ను లోపలినుంచి తోసి వెడల్పు చేయాలి. రబ్బరు బెలూన్‌కు గాలి కొడితే గట్టిగా ఉన్న చోట తగ్గి, మెత్తగా ఉన్న రెండు కొసల్లో ఉబ్బుతుంది. బ్లాక్ అలాగే ఉంటుంది, బాగున్న నాళం పగులుతుంది. అంటే ఎంత ఒత్తిడి పెట్టినా చెప్పిన సైజు దాటని బెలూన్ కావాలి. తన ఇంటి వంటగది బల్ల మీద ఏళ్ల తరబడి తంటాలు పడి పీవీసీతో అలాంటిది సాధించాడు. 1977 సెప్టెంబర్ 16న మొదటి గుండె యాంజియోప్లాస్టీ చేశాడు. బెలూన్‌ను ఉబ్బించడం ఎవరికైనా వచ్చు. ఆయన చేసిన కొత్త పని దాన్ని ఆపడం. ఈ రంగంలో పేటెంట్లు తిరగేస్తే ఇలాంటివే ఎక్కువగా కనపడతాయి. పరికరం చేసే పని కన్నా, అది చేయకూడని పనిని ఎలా ఆపారన్నదే అక్కడ రాసి ఉంటుంది.

ఇప్పటి క్యాథెటర్ కూడా అంతే. చూస్తే మామూలు ప్లాస్టిక్ గొట్టం. మణికట్టు దగ్గర రెండు మిల్లీమీటర్ల దారిలోంచి లోపలికి వెళ్లి, భుజం దాటి, మలుపులు తిరిగి గుండెకు చేరాలి. ఇవతల డాక్టరు వేళ్లతో కొద్దిగా తిప్పితే మీటరు అవతల కొస కూడా అంతే తిరగాలి. మెత్తగా ఉంటే తోసినప్పుడు మధ్యలో ముడుచుకుపోతుంది. గట్టిగా ఉంటే మలుపులో నాళాన్ని పొడుస్తుంది. ఈ రెండు అవసరాలూ ఒక పదార్థంతో తీరవు కాబట్టి లోపల జారే టెఫ్లాన్ పొర, మధ్యలో సన్నటి స్టీలు తీగల అల్లిక, పైన ఇంకో ప్లాస్టిక్ పెడతారు. ఆ పై ప్లాస్టిక్ చేతి దగ్గర గట్టిగా మొదలై కొసకు వచ్చేసరికి మెత్తబడుతూ పోతుంది. దానిలోంచి ముందు వెళ్లి దారి చూపే తీగ, గైడ్ వైర్, మందం 0.36 మిల్లీమీటర్లు.

లోపలికి ముడుచుకుని వెళ్లి, లోపల విచ్చుకోవాల్సిన వస్తువులకు నిటినాల్ దొరకడం ఒక మలుపు. నికెల్, టైటానియం కలిసిన ఈ మిశ్రలోహాన్ని 1959లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణి కొసల కోసం పరీక్షిస్తూ పట్టుకున్నాడు. క్షిపణుల నుంచి ఆస్పత్రికి వచ్చింది మన కాలిపర్ ఒక్కటే కాదన్నమాట. బాగా వంచినా తన పాత ఆకారానికి తిరిగి రావడం దీని గుణం. అలాగని అన్నిటికీ ఇదే వాడరు. గుండె ధమనికి ఎముకల గూడు రక్షణ ఉంది కాబట్టి అక్కడ కోబాల్ట్-క్రోమియం స్టెంట్‌ను బెలూన్‌తో విప్పి వదిలేస్తారు. అదే స్టెంట్ మెడలో పెడితే, ఎప్పుడైనా వేలితో గట్టిగా నొక్కినా అణిగిపోయి అలాగే ఉండిపోవచ్చు. నిటినాల్ అణిగినా లేస్తుంది. మెడ, తొడ నాళాల్లో దాన్ని వాడటానికి కారణం ఇదే. ఏ లోహం మంచిదన్న ప్రశ్నకు ఒంట్లో ఏ చోటన్నది తెలియకుండా జవాబు లేదు.

ఉండిపోయేవాటి లెక్కలు

లోపలే ఉండే వస్తువుకు మొదటి పరీక్ష ఒళ్లు దాన్ని ఒప్పుకోవడం. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన పైలట్ల కళ్లలో విమానం అద్దాల ముక్కలు గుచ్చుకుని ఉన్నా ఆ కళ్లు ఎర్రబడకుండా, వాయకుండా ఉండటం గమనించాడు. ఆ అద్దం నిజానికి యాక్రిలిక్ ప్లాస్టిక్. అయితే శుక్లం తీసేసిన కంట్లో దాంతోనే లెన్స్ చేసి పెడితే? 1949 నవంబర్‌లో పెట్టాడు. తోటి డాక్టర్లు దుమ్మెత్తిపోశారు. అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది 1981లో.

మధ్యలో ఇంకోటి జరిగింది. 1967లో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని లోపలే నలగ్గొట్టి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. దాంతో కోత మూడు మిల్లీమీటర్లకు తగ్గింది, కానీ లెన్స్ ఆరు మిల్లీమీటర్లుంది! కోత చిన్నదైనా లెన్స్ కోసం మళ్లీ పెద్దది చేయాల్సిందే. మడిచి లోపలికి పంపితే తనంతట విచ్చుకునే లెన్స్ వచ్చాకే ఆ చిన్న కోతకు అర్థం ఉంది. బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో పొద్దున ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరే మన అమ్మమ్మల కంట్లో ఉన్నది అలాంటిదే. దారి ఒకరు, వస్తువు ఇంకొకరు కనిపెట్టినా రెండూ కలిసి రాకపోతే రోగికి ఒరిగేదేమీ లేదు.

ఒళ్లు ఒప్పుకున్నాక కరెంటు సంగతి. 1958 అక్టోబర్‌లో స్టాక్‌హోంలో రూనే ఎల్మ్‌క్విస్ట్ చేసిన పేస్‌మేకర్‌ను సెన్నింగ్ అనే సర్జన్ ఆర్నే లార్సన్‌కు అమర్చాడు. షూ పాలిష్ డబ్బానే అచ్చుగా పెట్టి రెసిన్ పోసి చేసిన బిళ్ల అది. కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం ఆ తర్వాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు, దాన్ని చేసిన ఇంజనీరు కన్నా, అమర్చిన సర్జన్ కన్నా ఎక్కువ కాలం.

అన్నిసార్లు మార్చడానికి పెద్ద కారణం బ్యాటరీ. అప్పటి పాదరసం-జింక్ బ్యాటరీలు రెండేళ్లు రావడమే గగనం. పైగా వాటిలోంచి గ్యాస్ వచ్చేది. గ్యాస్ బయటికి పోవాలంటే పెట్టెను పూర్తిగా మూసేయకూడదు, మూయకపోతే ఒంట్లో తేమ లోపలికి దూరి సర్క్యూట్‌ను తినేస్తుంది. 1972లో వచ్చిన లిథియం-అయొడిన్ బ్యాటరీ గ్యాస్ వదలదు. దాంతో టైటానియం పెట్టెను లేజర్‌తో అతికి గాలి చొరకుండా మూసేయగలిగారు. ఆయుష్షు ఎక్కువున్న బ్యాటరీ అనే దాన్ని పొగుడుతారు గానీ, పెట్టె మూతపడటం అంతకన్నా పెద్ద లాభమని నాకనిపిస్తుంది.

తర్వాత లీడ్ల బాధ. పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వెళ్లే తీగలు విరుగుతాయి, వాటి వెంట ఇన్ఫెక్షన్ వస్తుంది. అందుకే తీగే లేకుండా రెండు గ్రాముల బరువున్న క్యాప్సూల్‌ను తొడ సిరలోంచి పంపి గుండె లోపలి గోడకు నిటినాల్ కొక్కేలతో తగిలించేస్తున్నారు. 2016లో అమెరికా అనుమతించింది. బాగానే ఉంది. బ్యాటరీ అయిపోతే? కొన్నేళ్లకు కండ దాని చుట్టూ పెరిగి కప్పేస్తుంది, లాగడం కష్టం. చాలాసార్లు పాతదాన్ని ఆపేసి అక్కడే వదిలి, పక్కన ఇంకోటి పెడతారు. ఎనభై ఏళ్ల పెద్దాయనకు ఇది సమస్యే కాదు. ముప్పై ఏళ్ల మనిషికి ఇచ్చేముందు డాక్టరు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఇక అలసట. లోహానికీ అలసట ఉంటుంది. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఏడాదికి 3 కోట్ల 78 లక్షల సార్లు, పదేళ్లకు దాదాపు 38 కోట్లు. స్టెంట్‌లో ఒక్కో కడ్డీ మందం 60 నుంచి 80 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక అంత. అది ప్రతి దెబ్బకూ కాస్త వంగి లేవాలి. దీన్ని పరీక్షించడానికి పదేళ్లు ఆగలేరు కాబట్టి ఉప్పునీళ్లు నింపిన సిలికాన్ గొట్టాల్లో పెట్టి సెకనుకు 60 సార్లు కొట్టిస్తారు. పదేళ్ల గుండె చప్పుళ్లు 73 రోజుల్లో అయిపోతాయి. మిషన్ మధ్యలో ఆగితే, గొట్టంలో బుడగ చేరితే లెక్క మళ్లీ మొదటికి. యాంత్రిక గుండె వాల్వ్‌కైతే ప్రమాణం 40 కోట్ల సార్లు.

అలసట ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే స్టెంట్ తయారీ చూడాలి. సన్నటి కోబాల్ట్-క్రోమియం గొట్టాన్ని తిప్పుతూ, జరుపుతూ లేజర్ దాని మీద జాలీ కోస్తుంది. కోసిన అంచుల్లో కరిగి గడ్డకట్టిన లోహపు మసి, కంటికి కనపడని గరుకు మిగులుతాయి. పగులు పుట్టేది ఆ గరుకులోనే. ఆమ్లాల్లో ముంచి కరెంటు పెట్టి ఆ పైపొరను కరిగించి నున్నగా చేస్తారు. ఎక్కువసేపు ఉంచితే కడ్డీ సన్నబడిపోతుంది, తక్కువైతే గరుకు పోదు. ఆపైన మైక్రోస్కోపు కింద ఒక్కో స్టెంట్‌నూ మనుషులు తిప్పి తిప్పి చూస్తారు. మందు పూత, బెలూన్ మీద నొక్కి బిగించడం, స్టెరిలైజేషన్ అన్నీ ఆ తర్వాతే. బొమ్మ గీయడానికి మంచి ఇంజనీరుకు వారం చాలు. ఇదే పనిని లక్షసార్లు ఒకేలా చేయడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

మందు పూత ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1986లో మనుషుల గుండెలో మొదటి స్టెంట్లు పెట్టారు. నాళం కుంచించుకుపోకుండా ఆగింది గానీ, గాయం మానే క్రమంలో కండ పెరిగి నూటికి ఇరవై, ముప్పై మందిలో లోపలే మళ్లీ పూడుకుపోయింది. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికిన సిరోలిమస్ అనే మందు ఆ పెరుగుదలను ఆపుతుంది. దాన్ని పూతగా వేసిన స్టెంట్లు 2002, 2003 నుంచి వచ్చాయి. పూడిక తగ్గింది. కానీ మందు గాయం మానడాన్నే ఆలస్యం చేస్తుంది, మానని లోహం మీద ఆలస్యంగా రక్తం గడ్డకట్టడం కొత్త బెడదైంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు రక్తం పల్చబడే మాత్రలు మానకూడదని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది అందుకే.

కొత్తదైనంత మాత్రాన

ఆ బెడద చూసే, పని అయ్యాక కరిగిపోయే స్టెంట్ ఆలోచన వచ్చింది. వినడానికి ఇంతకన్నా అందమైన ఐడియా ఇంకోటి లేదు. అబాట్ కంపెనీ పాలిలాక్టైడ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అబ్సార్బ్‌కు 2016 జులైలో అమెరికా అనుమతి కూడా వచ్చింది. ప్లాస్టిక్‌కు లోహమంత బలం లేదు కాబట్టి కడ్డీలు 150 మైక్రాన్ల మందం పెట్టాల్సొచ్చింది. లోహపు స్టెంట్లకన్నా దీనిలో రక్తం గడ్డకట్టడం ఎక్కువని అధ్యయనాల్లో బయటపడింది. 2017 సెప్టెంబర్‌లో కంపెనీ అమ్మకాలు ఆపేసింది.

ఇంతకన్నా చేదు అనుభవం తుంటి కీళ్లది. డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటిలో బంతి, గిన్నె రెండూ లోహమే. నడిచినప్పుడల్లా ఒరిసి కోబాల్ట్, క్రోమియం రక్తంలో చేరాయి, చుట్టూ కండ పాడైంది. 2010 ఆగస్టులో వెనక్కి పిలిచేసరికి ప్రపంచంలో సుమారు 93,000 మందికి అమర్చేశారు, వాళ్లలో మనవాళ్లూ వేలల్లో ఉన్నారు. అమెరికాలో అది మార్కెట్లోకి వచ్చింది మనుషుల మీద కొత్తగా ట్రయల్ చేసి కాదు, పాత పరికరాల్లాంటిదే కదా అన్న దారిలో. పాతదానికి చిన్న మార్పు అనే మాట నన్ను కొత్త ఐడియా కన్నా ఎక్కువ భయపెడుతుంది.

హైదరాబాద్ క్యాథ్‌ల్యాబ్‌ల (స్టెంట్లు వేసే గదుల) బయట టెన్షన్‌తో నిలబడ్డ కొడుకునో అల్లుడినో ఇప్పటికీ అడిగే ప్రశ్న, "ఫారిన్ స్టెంట్ వేయమంటారా, ఇండియాదా?" 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్‌కు గరిష్ఠ ధర 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంట్‌కు 7,260 అని కట్టేసింది. అంతకుముందు మందు స్టెంట్ లక్ష దాటేది. కరిగే స్టెంట్‌కూ అదే 29,600 అన్నందుకు, కొత్తదనానికి విలువ లేకపోతే ఎవరు కనిపెడతారని కంపెనీలు గొడవ చేశాయి. ఆ వాదనలో పస లేకపోలేదు. కాకపోతే అదే ఏడు ఆ కొత్తదే మార్కెట్లోంచి వెళ్లిపోయింది. కొత్తది మంచిదని తేలాకే ఎక్కువ ధర అడగాలి. తేలడానికి అయిదేళ్ల ఫలితాలు కావాలి. ఆ అయిదేళ్ల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా తెగని లెక్క.

మన ఊళ్లో ఏముంది, ఏం లేదు

1990ల్లో కలాం, కార్డియాలజిస్టు డాక్టర్ బి. సోమరాజు కలిసి తక్కువ ధరకు కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. అది ఈ ఊళ్లోనే సాధ్యమవడం కాకతాళీయం కాదు. కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ లోహాల కంపెనీ మిధాని టైటానియం కరిగిస్తుంది, ఇంప్లాంట్లకు పనికొచ్చే లోహాలూ చేస్తుంది. దాని పక్కనే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్. ఈసీఐఎల్ వైపు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అతుకుల్లేని గొట్టాలు తీయడం రోజువారీ పని. బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు శ్రీచిత్రతో కలిసి ఒంట్లో మెల్లగా కరిగే ఇనుము-మాంగనీస్ మిశ్రలోహాల మీద పనిచేశారు. ప్లాస్టిక్‌తో దెబ్బతిన్న ఆ కరిగే ఐడియాను లోహంతో మళ్లీ ప్రయత్నించడమన్నమాట. అచ్చులు, టూల్స్ నేర్పడానికి బాలానగర్‌లో సీఐటీడీ 1968 నుంచి ఉంది. నమూనాలు చేసుకోవడానికి 2023 నుంచి రాయదుర్గంలో టీ-వర్క్స్. పటాన్‌చెరు దగ్గర సుల్తాన్‌పూర్‌లో 2017లో పునాది పడిన మెడికల్ డివైసెస్ పార్కులో సహజానంద్ కంపెనీ పెట్టిన స్టెంట్ల ఫ్యాక్టరీ ఉంది. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జంతు ప్రయోగ కేంద్రం ఉంది. స్టెంట్‌ను మనిషికి ముందు పందుల్లో పరీక్షిస్తారు, వాటి గుండె నాళాల సైజు మనవాటికి దగ్గర. పెట్టిన 28 రోజులకు తీసి లోపల కండ ఎంత పెరిగిందో కొలుస్తారు. డాక్టర్లకైతే ఈ ఊళ్లో కొదవే లేదు.

ఇన్ని ఉన్నా లోపల పెట్టే పరికరాల్లో మన ఊరి పేరు వినపడాల్సినంతగా వినపడదు. లోహం తెలిసినవాడు ఊరికి ఆ కొసన, గుండె తెలిసినవాడు ఈ కొసన ఉన్నారు. మధ్యలో తిరిగేవాళ్లు తక్కువ. కాలిపర్ కథలో అసలు హీరో నా లెక్కన పేరు చాలామందికి గుర్తులేని ఆ ఎముకల డాక్టరే. ఆయన ల్యాబ్‌కు వెళ్లాడు కాబట్టే పిల్లల బాధ ఆ లోహం దగ్గరికి చేరింది. 2001లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలై, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కూ వచ్చిన బయోడిజైన్ పద్ధతి నేర్పేది ఇదే. ముందు నెలల తరబడి వార్డుల్లో, ఆపరేషన్ థియేటర్లలో ఓ మూల నిలబడి ఇబ్బందుల జాబితా రాసుకోవాలి, పరికరం గురించి ఆలోచించడం ఆ తర్వాతే. ఐఐటీ హైదరాబాద్‌లోని ఆరోగ్య స్టార్టప్ కేంద్రం కూడా ఫెలోలను ఆస్పత్రులకు పంపిస్తుంది.

అలా తిరగకపోతే ఏమవుతుందో ఓసారి దగ్గరినుంచి చూశాను. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, రక్తగడ్డను పట్టి లాగే చిన్న బుట్ట డిజైన్‌ను పెద్ద సైజులో త్రీడీ ప్రింట్ తీయించి, ఒక క్యాథ్‌ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌కు చూపించాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"మంచిగనే ఉంది తమ్మీ. లోపల సగం తెరుచుకుని ఇరుక్కుంటే ఎట్ల తీస్తవ్?"

"తెరుచుకుంటదన్నా, చాలాసార్లు టెస్ట్ చేసినం."

"తెరుచుకోదంటలేను. తెరుచుకోకుంటే ఏం జేస్తవ్ అని అడుగుతున్న. ఇంకోటి, నా చెయ్యి రక్తంతో తడిగ ఉంటది, గ్లవుజులుంటయ్. ఇంత చిన్న మర తిరుగుతదా?"

కుర్రాడు నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాలంటే పిడి మార్చాలి, బుట్ట అల్లిక మార్చాలి, వెనక్కి మూసి లాగే ఏర్పాటు కొత్తగా చేర్చాలి. అంటే దాదాపు కొత్త పరికరం. అదృష్టం ఏమిటంటే ఆ ప్రశ్నలు ప్లాస్టిక్ బొమ్మ దగ్గరే వచ్చాయి. పంది మీద ప్రయోగం అయ్యాక వచ్చి ఉంటే రెండేళ్లు, కోట్ల రూపాయలు నీళ్లలో పోసినట్టే.

ఆ తర్వాత చట్టం. 2018 జనవరి నుంచి అమల్లో ఉన్న మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం పరికరాలను ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని విభజిస్తారు. స్టెంట్లు, వాల్వులు అన్నిటికన్నా ప్రమాదం ఎక్కువున్న 'డి' తరగతిలోకి వస్తాయి. తయారీ లైసెన్స్ ఢిల్లీ నుంచే రావాలి, పూర్తిగా కొత్తదైతే మనుషుల మీద ట్రయల్‌కు ముందస్తు అనుమతీ కావాలి. కాగితాల మీద అందరూ విసుక్కుంటారు గానీ, తుంటి కీళ్ల కథ విన్నాక ఆ విసుగుకు వంతపాడటం నావల్ల కాదు. నా ఫిర్యాదు వేరే. ట్రయల్ దాకా వచ్చిన చిన్న కంపెనీకి మొదటి కొనుగోలుదారు దొరకడు. పెద్ద ఆస్పత్రి అయిదేళ్ల రికార్డు చూపించమంటుంది. ఎవరూ కొనకపోతే రికార్డు ఎక్కడినుంచి వస్తుంది? ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాలు ఏటా కొనే స్టెంట్లలో, లెన్సుల్లో కొద్ది వాటాను, అనుమతి వచ్చిన కొత్త స్థానిక పరికరాలకు కేటాయించి, ప్రతి రోగినీ అయిదేళ్లు వెంబడించి చూసి, ఫలితాలు బయటపెడితే ఈ ముడి చాలావరకు విడుతుంది. నిమ్స్, గాంధీ, ఉస్మానియాకు వచ్చే రోగుల సంఖ్య చూస్తే అలాంటి రిజిస్ట్రీ పెట్టడానికి ఇంతకన్నా అనువైన ఊరు లేదు.

పరికరాల వల్ల జరిగే నష్టాలను నమోదు చేయడానికి 2015లో కేంద్రం మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలుపెట్టింది. డాక్టర్లే కాదు, రోగులూ ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఒంట్లో ఉన్నదేమిటో తెలిస్తేనే కదా. స్టెంట్, లెన్స్, పేస్‌మేకర్ ఏది వేసినా డబ్బా మీది స్టిక్కర్‌ను కేస్ షీట్‌లో అంటిస్తారు. దాని మీద కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబర్ లేదా సీరియల్ నంబర్ ఉంటాయి. డిశ్చార్జ్ అయ్యేరోజు బిల్లు హడావుడిలో పడి దాన్ని వదిలేయకండి. ఒక స్టిక్కర్ డిశ్చార్జ్ సమ్మరీ మీద అంటించమనండి, ఇంప్లాంట్ కార్డు ఇస్తే తీసుకుని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. రేపు ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా, ఆ మోడల్‌ను కంపెనీ వెనక్కి పిలిచినా మొదట అడిగేది ఆ నంబరే.